వాసన లేని గాలి

నేను చెడ్డవాణ్ణి కాను. పిరికివాణ్ణి, అంతే. పోలీసు యాక్షన్ జరిగిన ఏడు, సికింద్రాబాద్‌లో ఒక బడిలో సైన్సు గదికి అటెండరుగా ఉండేవాణ్ణి.

మా జ్ఞానశేఖర్ సార్ గుంటూరు మనిషి. గాజు గొట్టాల్లో ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు ఆక్సిజన్ నింపి, ఆ రెండింటితో కరెంటు పుట్టించి టార్చిబల్బు వెలిగించేవారు. "బొగ్గు లేదు, పొగ లేదు. చివరికి మిగిలేది నీళ్లే, చూడు," అని చిన్నపిల్లాడిలా మురిసిపోయేవారు. గ్యాసు తయారుచేసే ముందు మాత్రం రోజూ ఒకటే ప్రశ్న.

"వెంటిలేటర్ తెరిచావా, జకర్యా?"

"తెరిచిన సార్."

"హైడ్రోజన్‌కు వాసన ఉండదయ్యా. నీ మాట మీదే నా ధైర్యం."

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వస్తోందనగానే వెలుతురు బయటికి కనబడకూడదని హుకుం వచ్చింది. ఆ మధ్యాహ్నం నేనే మైదా జిగురుతో వెంటిలేటర్‌కు నల్లకాగితం అంటించాను. సాయంత్రం సార్ మామూలుగానే అడిగారు. నోటికి అలవాటైన మాట వచ్చేసింది. నేను గేటు దాటకముందే కరెంటు పోయింది. సార్ దీపం కోసం అగ్గిపుల్ల గీసినట్టున్నారు... గది పేలిపోయింది, సార్ దక్కలేదు.

హెడ్‌మాస్టర్ అడిగితే, "కాగితం సారే అంటించుకున్నరు," అన్నాను. సార్ భార్య దేవకృపమ్మ నా ముఖంలోకి చూసి, "ఆయన అంత అజాగ్రత్త మనిషి కాదు, జకర్యా," అంది. సిగ్గుతో చచ్చిపోయాను. రేపు నిజం చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి.

నిజాం లొంగిపోయాక, ఒక సాయంత్రం ఆ గది ఊడ్వడానికి వెళ్లాను. లోపల కాలిన చెక్క వాసన, ఆసిడ్ వాసన. గొట్టాలన్నీ పగిలి ఉన్నాయి. వెంటిలేటర్ అద్దమూ కాగితమూ ఎగిరిపోయి, అందులోంచి ఆకాశం కనబడుతోంది.

టప్.

బల్లమీద నీటిబొట్టు. బయట వాన లేదు, కప్పు కారడం లేదు.

టప్... టప్...

తెగిన తీగల చివర ఆ బల్బు. ఎర్రగా... మెల్లగా... వెలుగుతోంది.

చెవి పక్కనే గుసగుస.

"తెరిచావా, జకర్యా?"

నిజం చెప్పడానికి అదే అదను. నాకు తెలుసు. కానీ నోరు నా మాట వినలేదు.

"తె... తెరిచిన సార్."

బల్బు ఆరిపోయింది. పైకి చూశాను. ఆకాశం లేదు. నల్లకాగితం... తడితడిగా.

ఎలా పరుగెత్తానో తెలియదు. లాలాగూడలో మా ఇంటికి వచ్చి పడ్డాను. నా భార్య రోసమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. వంటగది కిటికీకి నల్లకాగితం అంటించి ఉంది. ఆ హుకుం రోజుల్లో ఇంట్లోనూ అంటించి, నిన్ననే నా చేతులతో చింపి పారేసిన కాగితం. అంచుల నుంచి మైదా జిగురు ఇంకా కారుతోంది.

"రోసమ్మా... ఎవరంటించిన్రు ఇది?"

"ఏందీ, జెర సేపట్లనే మర్చిపోయినవా? ఇప్పుడే నువ్వే గదా అంటించి పోయినవ్," అంటూ ఆమె అగ్గిపెట్టె తెరిచింది.

గట్టిగా గాలి పీల్చి చూశాను.

ఏ వాసనా లేదు.