ఎవరూ చెప్పని చోటు

కాఫీ షాపులో కుర్చీ లాక్కుంటూనే ఆమె అసలు విషయానికి వచ్చేసింది.

"మీరు బుద్ధిమంతులని మా వదిన చెప్పింది. మీ ఫొటోని మా ఆఫీసులో సగం మంది లైక్ చేశారు. పొద్దున లేస్తే ఫోన్ కూడా మిమ్మల్నే చూపిస్తోంది. అందుకే నాకు అనుమానం."

"నా మీదా?" అన్నాడు పెంపుడు జంతువుల డాక్టరు.

"నా మీద."

ఆమె పనిచేసేది ఒక షాపింగ్ యాప్‌లో, ఎవరికి ఏ వస్తువు చూపించాలో తేల్చే టీమ్‌లో. మామూలు రెయిన్‌కోటు ఫొటో కింద ‘రెండు వేల మందికి నచ్చింది’ అని రాస్తే చాలు, మండుటెండల్లో కూడా జనం ఎగబడి కొంటారు. మరి అతని ఫొటో చూసినప్పుడల్లా మనసు గాల్లో తేలిపోతోందంటే, అది తన ఇష్టమా, పదిమందీ కలిసి ఎక్కించిన ఇష్టమా? ఈ పెళ్లి సంబంధం గురించి రేపు ఇంట్లో ఏదో ఒక మాట చెప్పాలి.

ఆమె అదంతా చెప్పగానే అతను జేబులోంచి ఫోన్ తీశాడు. "ఫోన్లు ఆపేసి నడుద్దామా? ఎవరూ చెప్పని చోటికి."

"అదెక్కడుంది?"

"నాకూ తెలీదు."

సందులో సందు తిరిగారు. ఇంతలో వాన చెప్పాపెట్టకుండా దిగింది. మూసిన టైలర్ షాపు రేకు కింద ఇద్దరూ ఒదిగి నిలబడ్డారు. చినుకుల వెనక వీధి దీపాలు కరిగి, నేల మీద బంగారు నీళ్లలా పారుతున్నాయి.

తడిసిన పిల్లికూన ఒకటి వచ్చి అతని కాళ్ల దగ్గర నక్కింది. దాన్ని ఎత్తుకుని కోటులో దాచుకున్నాడు. వెంటనే తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు.

"జలుబా?"

"పిల్లులు పడవు."

"డాక్టరై ఉండీ?"

"ఎవరితో అనకండి. క్లినిక్ మూసుకోవాలి."

"మరి దింపేయొచ్చుగా."

"వణుకుతోంది కదండీ."

ముక్కు ఎర్రబడింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఫొటోలోని అందం ఎటు పోయిందో ఏమో. ఆమె మాత్రం కళ్లు తిప్పుకోలేకపోయింది. ఈ ముఖాన్ని ఎవరూ లైక్ చేయలేదు, అసలెవరూ చూడనే లేదు. ఈ వాన ఇప్పట్లో ఆగకపోతే బాగుండునని తనంతట తనకే అనిపించింది.

"ఇలా ఇవ్వండి," అంటూ పిల్లిని తన చేతుల్లోకి తీసుకుని, ఫోన్ ఆన్ చేసింది. ఆ క్షణం కోసమే కాచుకున్నట్టు వదిన ఫోన్.

"ఎలా ఉన్నాడే?"

"నువ్వు చెప్పినట్టు లేడు వదినా."

రాబోయిన తుమ్ము కూడా ఆగిపోయింది అతనికి. అవతల వదిన గొంతు కంగారుపడింది. "అదేంటే, ఏమైంది?"

ఆమె అతని కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా అంది.

"నాకు నచ్చినట్టు ఉన్నాడు."