నెమ్మదైన గుండెకే తెరుచుకునే కార్డు

"నూకరత్నం... ఓలే నూకరత్నం, నిన్నేనే పిలుస్తన్నారు, లే."

పైడితల్లి మోచేత్తో పొడిచింది. విశాఖ హార్బరు దగ్గర ఇద్దరూ పక్కపక్కనే ఎండుచేపలు అమ్ముతారు. ఇప్పుడు బ్యాంకు పై అంతస్తులో, చల్లటి గది బయట, చేపల వాసన తమతోపాటు వచ్చేసిందేమోనని ముడుచుకుని కూర్చున్నారు.

లోపల డాక్టర్ హేమనళిని ఉంది. నాడి కార్డు కనిపెట్టింది ఆవిడే.

ఆ కార్డు మీద బొటనవేలు పెడితే చాలు, నాడి చూస్తుంది. గుండె నెమ్మదిగా ఉంటే డబ్బు కదులుతుంది. దడదడలాడుతుంటే కదలదు. ఫోన్లో మోసం చేసేవాడు ముందు భయపెడతాడు కదా, మీ అకౌంటు ఆగిపోతోంది, పోలీసులు వస్తున్నారు, తొందరగా ఓటీపీ చెప్పండి అని. భయపడ్డ వేలికి ఈ కార్డు తెరుచుకోదు. కంప్యూటర్లలోంచి లక్షల కార్డుల నంబర్లు లీకైనా దొంగకి లాభం లేదు. నంబరు దొరుకుతుంది గానీ నాడి ఎక్కడ దొరుకుతుంది?

దాంతో ఊరే మారిపోయింది. చేపల బజారులో బేరాలు పోయాయి. గట్టిగా బేరమాడితే గుండె వేడెక్కి కార్డు మొరాయిస్తోంది. కొట్ల ముందు బెంచీలు వేసి, మజ్జిగ తాగించి, అప్పుడు వేలు పెట్టమంటున్నారు. సముద్రం ఒక్కటే ఇంకా ఎవరి మాటా వినకుండా పాత గొంతుతోనే ఘోషిస్తోంది.

అలాంటి కార్డులోంచి, పడవలో వాటా కోసం నూకరత్నం దాచుకున్నదంతా పోయింది.

"బయపడ్డానని సెప్పు," గుమ్మం దగ్గర గొణిగింది పైడితల్లి. "బెదిరించినాడని సెప్పు. ఏడు కూడా. నీకేటి, ఏడుపు బాగానే వస్తాది."

హేమనళిని ఇద్దరినీ కూర్చోబెట్టి, తెర మీద ఒక గీత చూపించింది.

"ఇది ఆ రోజు మీ నాడి అమ్మా. కార్డు తీసుకున్నాక మీ గుండె ఇంత నెమ్మదిగా ఎప్పుడూ లేదు. నిద్రపోయే పసిపిల్లకి ఇలా ఉంటుంది. ఫోన్లో మాట్లాడినతను ఎవరు?"

"ముందు బ్యాంకోడినన్నాడు. తర్వాత ఏటీ అన్లేదు. రోజూ మధ్యేనం ఫోన్ సేసీవోడు. తిన్నావా రత్నం, అనీవోడు."

"అంతేనా?"

"అంతే. మా ఆయన యాటకెళ్ళి తిరిగొస్తా, టవరు అందగానే ఫోన్ సేసి అదే అడిగీవోడు. ఆయన సంద్రంలో పోయినాక మరెవులూ అడగనేదు."

హేమనళిని మళ్ళీ తెర మీది గీత వైపు చూసింది. భయాన్ని ఆపే యంత్రం చేసింది తను. దొంగలు భయపెట్టడం మానేసి, ఓదార్చడం నేర్చుకున్నారు.

"మోసపోయానని ఒక్క మాట చెప్పండి," అంది. "నా యంత్రమే ఓడిపోయిందని నేను రాసిస్తాను. మీ డబ్బు మీకొస్తుంది. తెలిసి ఇచ్చారంటే మాత్రం పైసా రాదు. అతను దొంగ అని మీకు తెలీదు, అంతే కదా?"

"అవునను," అంది పైడితల్లి వెనకనుంచి.

నూకరత్నం ఒళ్ళో ఉన్న ఫోను వైపు చూసింది. డబ్బు పోయిన రోజు నుంచీ అది మధ్యాహ్నాలు మోగడం లేదు. అయినా ఛార్జింగు నిండుగా పెట్టుకునే వచ్చింది.

"తెల్సు మేడమ్," అంది. "మొదట్లోనే తెల్సిపోనాది. కార్డు మీద ఏలెట్టకపోతే మరింక ఫోన్ సెయ్యడని, ఎట్టీసినాను."