నాలుగో మెట్టు

సన్యాసమ్మ చెల్లో వాయించే చేతికి వేసే తొడుగును తిరగేసి, వేళ్ల సందుల్లో పేరుకున్న చెమట ఉప్పును మెత్తటి కుంచెతో దులిపింది. వయొలిన్ తొడుగులు రెండూ అప్పటికే తీగ మీద ఆరుతున్నాయి. నాలుగోది వీణ తొడుగు. గోరువెచ్చని నీళ్లలో నానుతోంది. దాన్ని ఆమె ఎప్పుడూ చివరికే ఉంచుతుంది.

నీళ్లలోంచి తీసి, పిండకుండా తువ్వాలులో అద్దింది. లోపల చెయ్యి లేకపోయినా తొడుగు నడిమివేలు మెల్లగా పక్కకు లాగింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. తిరిగి సర్దుకుంది.

"ఉండవే తల్లీ. ఇంకా గంట కొట్టలేదు," అంది సన్యాసమ్మ.

తడి తగిలితే తొడుగులో దింపిన చేతి జాడ కదులుతుందని తంత్రీ గురుకులంలో అందరికీ తెలుసు. తొడుగులు ఉతికే మిగతా ఆడవాళ్లు ఆ మాట అనుకుని ఊరుకుంటారు. సన్యాసమ్మ మాత్రం ఆ వేలు కదిలిన ప్రతిసారీ ఒక మాట చెబుతుంది. చెప్పకపోతే వినయం తప్పినట్టు ఉంటుంది ఆమెకు.

ఎనిమిదికి గంట కొట్టింది. వసారా పొడవునా గోడల్లో, తొడుగులన్నిటినీ కలిపి నడిపే పొందిక యంత్రం దీపాలు పచ్చగా వెలిగాయి. ముప్పై గదుల్లో ముప్పై వీణలు ఒకేసారి కల్యాణి ఎత్తుకున్నాయి. పైనున్న గాలిమరల చప్పుడునూ, కింద భీమిలి సముద్రం హోరునూ ఆ ధ్వని కప్పేసింది. షడ్జం, రిషభం తీగ మీద వేలు పెట్టగానే పలికాయి. గాంధారం దగ్గర మాత్రం ముప్పై నడిమివేళ్లూ ఒకేసారి తీగను పక్కకు లాగాయి. అర మాత్ర ఎడం వచ్చింది. ఆ తరవాతే గాంధారం నిండుగా పలికింది.

దాన్ని పాఠాల్లో విరామ గాంధారం అంటారు. ఇక్కడ వీణ నేర్చుకున్న సుభాషిణి చేతి నుంచి వచ్చింది గనక రాతలో ఆమె పేరు మొదటి అక్షరం గుర్తుగా వేస్తారు. సుభాషిణి పోయి పద్నాలుగు నెలలైంది. పందొమ్మిదేళ్ల పిల్ల. వానాకాలపు జ్వరం నాలుగు రోజుల్లో తీసుకుపోయింది. ఈ ముప్పై మందిలో సగం మంది ఆమెను చూడనైనా లేదు. అయినా రోజూ ఎనిమిదింటికి ఆమె వేలితోనే వాయిస్తారు.

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. వరహాలమ్మ. ఆమెను అందరూ వరాలు అంటారు. బొబ్బిలి నుంచి వచ్చి రెండు నెలలైంది. సుభాషిణి ఉన్న చతుస్తంత్రిలో, అంటే నలుగురి వాద్య బృందంలో, ఆమె చోటు నింపడానికి తెచ్చారు. అంతకుముందు ఏడాది పాటు ఆ చోట మనిషి లేదు. చాప మీద వీణ, వీణ మీద ఉత్త తొడుగు. అదే వాయించేది. మిగతా ముగ్గురూ దానితోనే సాధన చేశారు. కానీ చివరి ఏడాది పరీక్షగా జరిగే వినికిడి సభలో నాలుగు బతికున్న చేతులు ఉండాలన్నది నియమం.

"ఏదీ, వేలు చూపించు," అంది సన్యాసమ్మ.

వరాలు ఎడమ చెయ్యి చాపింది. నడిమివేలు కొసన తీగ కోసిన గాటు మళ్లీ తెరుచుకుంది.

"తొడుగు లాగుతున్నప్పుడు ఎదురు తిరగొద్దని సెప్పేనా లేదా?"

"నేను తిరగట్లేదు పిన్నీ. నా వేలే తిరుగుతోంది." వరాలు కిందికి చూస్తూ అంది. "ఆ మెట్టు తప్పు. నాలుగో మెట్టు. కొంచెం కిందికి ఉంది. ఉన్నచోట పెడితే గాంధారం నీరసంగా వస్తోంది. అందుకే లాగాల్సొస్తోంది. మెట్టు సరిగ్గా ఉంటే లాగక్కర్లేదు కదా."

సన్యాసమ్మ పసుపు అద్దుతున్న చెయ్యి ఆగింది.

"ఎవరితోనైనా అన్నావేటి?"

"నిన్న అందరి ముందూ అన్నాను. నవ్వీసేరు. బొబ్బిలి నుంచి చెవులు మోసుకొచ్చింది, పొందిక ఏడాది కొలిచింది తప్పట అన్నాడు చెల్లో వాయించే కిరీటి. మండా మాస్టారు నవ్వలేదు. పొందిక పలక మీద నా పేరు పక్కన గాంధార దోషం అని రాయించేరు. ఇవాళ సభలో కూడా అలాగే వస్తే సాయంత్రం బండెక్కించేస్తారట."

"ఎక్కితే ఏటవుతాది?"

"మళ్లీ ఏ గురుకులమూ తీసుకోదు. దోషం పేరుతోపాటే వస్తుంది." వరాలు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "అది కాదు పిన్నీ నా భయం. నా చెవే చెడిపోయిందేమోనని. ముప్పై వీణలు ఒకలా అంటున్నాయి. నాకొక్కదానికే వేరేగా వినిపిస్తే, పిచ్చి నాదే కదా?"

సన్యాసమ్మ గుడ్డ పేలిక చుట్టింది. ముడి వెయ్యడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

"సభ మూడింటికి కదా. పో. గంజి తాగి రా," అంది.

పిల్ల వెళ్లాక తొడుగు ఆరేసింది. నడిమివేలు మళ్లీ లాగింది. ఈసారి ఆమె ఏమీ అనలేదు.

తొడుగులు రాకముందు సన్యాసమ్మ ఈ గురుకులంలో మెట్లు వేసేది. పనసకర్ర దండె మీద మైనం పోసి, అది వేడిగా ఉండగానే ఒక్కో మెట్టునూ కూర్చి, వేలితో మీటుతూ, చెవితో జరుపుతూ ఇరవై నాలుగు మెట్లూ నిలబెట్టేది. ఆ పని ఆమెకు మామగారు నేర్పాడు. "వేడి మైనం అబద్ధమాడతాది కోడలా," అనేవాడు ఆయన. "అప్పుడు విన్నది విన్నట్టు కాదు. సల్లారినాక మళ్లీ ఇనాల. రెండో ఇనికిడి లేని వీణని గడప దాటించకు."

సుభాషిణి వీణకు ఆమె మెట్లు వేసింది. ఇరవై నాలుగూ కూర్చి, మైనం చల్లారే దాకా కూర్చుందామని గోడకు జారబడింది. అప్పుడే వసారాలో ఎవరో ఆమె పేరు పెట్టి పిలిచారు. ఆమె మగడు వలసపడవ దిగుతూ దిగుతూనే కూలి ప్రాణం వదిలాడని కబురు. లేచి వెళ్లిపోయింది. పదమూడు రోజుల తరవాత తిరిగి వచ్చేసరికి వీణ పిల్ల చేతికి వెళ్లిపోయింది. వసారాలో నడుస్తూ గాంధారం విన్నది. నాలుగో మెట్టు నూలుపోగంత కిందికి జారి ఉంది. పిల్ల తీగను లాగి దాన్ని నిలబెడుతోంది.

"ఇలా ఇచ్చీయమ్మా. సరిసేసి ఇచ్చేస్తాను," అంది ఆ రోజే.

సుభాషిణి ఆమె తెల్లచీర వైపు చూసింది. "వదిలెయ్యి పిన్నీ. నీ చెయ్యి పడ్డ చోట నా చెయ్యి సర్దుకుంటుందిలే. ఎవరికీ చెప్పకు," అంది.

ఎవరికీ చెప్పలేదు. పిల్ల రెండేళ్లు లాగింది. రెండో ఏడు తొడుగులొచ్చి ఆమె చేతి జాడను పట్టుకున్నాయి. పోయాక పొందిక ఆమె వీణనే మాతృకగా తీసుకుంది. ఆ కొలతలతో ముప్పై వీణలకు రాతిబంక మెట్లు పోశారు. అవి ఇక జరగవు. ఆమె చేతి జాడను ముప్పై తొడుగుల్లోకి దింపారు. ఒక్క పిలుపుతో జారిన మెట్టు ముప్పై మెట్లయింది. రోజూ ఎనిమిదింటికి ముప్పై నోళ్లతో తన తప్పు తనకు వినిపిస్తుంటే, సన్యాసమ్మ తొడుగులు ఉతుకుతూ కూర్చుంది. మైనం పని పోయింది గనక ఇదైనా దొరికిందనుకుంది. చెబితే ఇదీ పోతుంది. అంతకంటే, చెబితే సుభాషిణి జాడ కూడా పోతుందని భయం. ఆ వేలు కదిలినంత కాలం ఇంకా పూర్తిగా పోలేదని ఏదో ఒక ఊరట.

మూడింటికి సభామందిరంలో నలుగురూ చాప మీద కూర్చున్నారు. అనసూయ, బషీర్ వయొలిన్లు శ్రుతి చూసుకుంటున్నారు. కిరీటి చెల్లోను మోకాళ్ల మధ్య ఆనించుకుని వరాలు వైపు చూడకుండా ఉన్నాడు. వరాలు ముందు సుభాషిణి వీణ. గురుకులంలో మైనపు మెట్లున్న వీణ అదొక్కటే మిగిలింది. సభకు మాత్రమే తీస్తారు. సన్యాసమ్మ ఒక్కొక్కరికీ తొడుగు తొడిగి, మణికట్టు దగ్గర కొక్కెం బిగించింది. ఎదురుగా గోడ మీద పొందిక పలక. దాని పక్కన కుర్చీలో మండా మాస్టారు. వసారా గదుల్లో ముప్పై తొడుగులూ ఈ నాలుగింటికి కలిపి ఉన్నాయి. ఇక్కడ వాయించింది అక్కడ పాఠంగా దిగుతుంది.

కల్యాణి మొదలైంది. రెండు ఆవర్తనాలు సాఫీగా నడిచింది. మూడోదానిలో గాంధారం వచ్చింది. తొడుగు లాగింది. వరాలు వేలు ఒప్పుకోలేదు. రెండు బలాల మధ్య తీగ కీచుమంది. తొడుగు వేలి కొసన ఎర్రటి చుక్క తేలింది. పలక మీద వరాలు పేరు పక్కన ఎర్రగీత పడింది.

"ఆపండి," అన్నారు మండా మాస్టారు. ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "వరహాలమ్మా, రెండు నెలలు చూశాం. నీ చెయ్యి మంచిదే. చెవిలోనే దోషం. నిన్ను ఉంచితే ముప్పై గదులకూ అంటుకుంటుంది."

వరాలు తల ఊపింది. ఏడవలేదు. వీణ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"దోషం పిల్లది కాదు బాబూ," అంది గోడ దగ్గర నిలబడిన సన్యాసమ్మ.

అందరూ తిరిగి చూశారు. తొడుగుల మనిషి సభలో మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"మెట్టు జారింది. నానే జార్చేను. మైనం సల్లారినాక రెండోసారి ఇనకుండా లేసెల్లిపోయేను. మా ఆయన పోయిన రోజు."

"సన్యాసమ్మా, ఆ కొలత పొందిక తీసింది."

"తప్పుగా ఉన్నదాన్ని సరిగ్గా కొలిసింది బాబూ. దాని పని అది సేసింది."

కిరీటి కమాను కింద పెట్టాడు. "అంటే ఏటి? సుభా వాయించిందంతా తప్పేనా? ఏడాది పాటు ఉత్త తొడుగు పక్కన కూర్చున్నాను పిన్నీ. ఆ అర మాత్ర కోసమే కూర్చున్నాను. అది తప్పని ఇప్పుడు చెప్తావా?"

"తప్పు నాది నాయనా. సుభాషిణి దాన్ని మోసింది." సన్యాసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాకు మాటొస్తాదని రెండేళ్లు వేలు కోసుకుంది. మీరంతా దాన్ని అందం అన్నారు. అందమే. కానీ ఈ పిల్లనీ కొయ్యమని అది ఎప్పుడూ అనుకోలేదు."

ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. దేవుడి పటం ముందున్న దీపం, దాని పక్కనున్న చిన్న ఇనుప గరిటె తెచ్చి, చాప మీద కూర్చుని గరిటె కాచింది. మెట్టు పక్కన మైనానికి గరిటె తాకించింది. నల్లటి మైనం మెత్తబడి, పాత గుగ్గిలం వాసన లేచింది. బొటనవేలితో నాలుగో మెట్టును నూలుపోగంత పైకి జరిపింది. వరాలు మణికట్టు దగ్గర కొక్కెం సన్యాసమ్మే విప్పి, తొడుగు తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"మాతృకను కదిపావు," అన్నారు మాస్టారు. లేచి నిలబడ్డారు గానీ ముందుకు రాలేదు.

"వాయించమ్మా," అంది సన్యాసమ్మ.

వరాలు అనసూయ వైపు చూసింది. అనసూయ కమానెత్తింది. నలుగురూ మూడో ఆవర్తనంలోకి వచ్చారు. వరాలు వేలు మెట్టు మీద పడింది. లాగలేదు. గాంధారం తిన్నగా, నిండుగా పలికింది.

మిగతా ముగ్గురి తొడుగులూ అలవాటుగా అర మాత్ర ఆగాయి. వీణ ముందుకు పోయింది. ముగ్గురూ వెనక మిగిలారు. రాగం చెదిరి ఆగిపోయింది. పలక మీద గీతలన్నీ ఒక్కసారి అడ్డదిడ్డంగా పరుగెత్తి, ఎవరి పేరు పక్కన ఎర్రగీత వెయ్యాలో తేలక, తుడుచుకుపోయాయి. వరాలు పేరు పక్కన దోషమన్న మాట కూడా వాటితోపాటే పోయింది.

కిరీటి తన తొడుగు వైపు చాలాసేపు చూశాడు. కొక్కెం విప్పాడు. బషీర్ విప్పాడు. అనసూయ పళ్లతో లాగి విప్పింది.

"మొదట్నుంచీ," అన్నాడు కిరీటి.

ఉత్త చేతులతో మొదలుపెట్టారు. శ్రుతి కొంచెం ఊగింది. బషీర్ ఒకచోట తప్పాడు, నవ్వబోయి మానేశాడు. మూడో ఆవర్తనం వచ్చింది. ఇప్పుడు లాగే తొడుగు లేదు, జారిన మెట్టు లేదు, ఆగాల్సిన పనే లేదు. అయినా గాంధారం ముందు కిరీటి కమాను ఆగింది. అనసూయది ఆగింది. బషీర్‌ది ఆగింది. వరాలు తలెత్తి ముగ్గురి మొహాలూ చూసింది. మెట్టు మీద వేలుంచి, మీటకుండా, తనూ ఆగింది.

ఐదో మనిషి ఎవరో వచ్చి కూర్చోవడానికి పట్టేంత సేపు అలాగే ఉన్నారు. అప్పుడు వరాలు గాంధారం మీటింది. నలుగురూ కలిసి నడిచారు.

పాఠం దింపే నాలుగు తొడుగులూ ఊడిపోవడంతో వసారాలో పొందిక దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. ముప్పై గదుల్లో తొడుగులు చేతులను వదిలేశాయి. వీణలన్నీ ఆగిపోయాయి. సముద్రం ఇంత దగ్గరగా ఉంటుందని చాలామందికి అప్పుడే తెలిసింది. కాసేపటికి చివరి గదిలోంచి ఎవరో మొదటేడు పిల్ల ఒక్క గాంధారం మీటింది. నీరసంగా పలికింది. మళ్లీ మీటింది. ఈసారి తనంతట తాను కొంచెం లాగి చూసింది.

మండా మాస్టారు పలక వైపు చూశారు. అది తెల్లగా ఉంది. "సభ అయిపోయింది. లేవండి," అన్నారు చివరికి.

"అవ్వలేదు బాబూ," అంది సన్యాసమ్మ. "మైనం ఇంకా ఏడిగానే ఉంది."

ఆమె చాప మీద వీణ పక్కకు జరిగి, దండె మీదికి వంగి, నాలుగో మెట్టు దగ్గర చెవి ఆనించింది. ఒళ్లో ఉన్న తొడుగు నడిమివేలు ఒకసారి కదిలి ఆగింది. ఆమె దాని మీద చెయ్యి వేసింది. వరాలు మీటడానికి వేలెత్తి పట్టుకుని, పిన్ని ఎప్పుడు అంటుందా అని చూస్తూ కూర్చుంది.