మూతబడ్డ మిల్లు వెనక కుట్టు చప్పుడు

మూతబడ్డ మిల్లు వెనకున్న పాత ఇంటికి మంచి పేరు లేదు. చీకటి పడితే చాలు, లోపల కుట్టుమిషను నడుస్తుందనేవారు. టకటకా, టకటకా... ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది. పగలు ఆ ఇంట్లో చూడబోతే మిషనూ లేదు, మనిషీ లేడు. మరి కుట్టేదెవరు?

ఆస్పత్రి ఆయా ఇంటికి అదే దారి. ఆ రాత్రి డ్యూటీ దిగి, లోలోపల దేవుణ్ణి తలుచుకుంటూ, కాళ్లీడ్చుకుంటూ వస్తోంది. మిల్లు గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ అడ్డం పడ్డాడు.

"అటెళ్లకమ్మా... దెయ్యం."

"మా వార్డులో లేని దెయ్యమా నాయనా?"

"నవ్వులాట కాదు. టైలరు దెయ్యం! తాగి తాగి చచ్చాడట. వాళ్లక్కే చెప్పిందట — పోయాడని."

ఆయా అతణ్ణి తప్పించుకుని ఆ ఇంటివైపే నడిచింది. ఆ అక్క తనే.

తమ్ముడు చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలిన మర్నాడు, గుడ్డలు కుట్టడానికిచ్చినావిడ గుమ్మంలో నిలదీస్తే, "పోయాడమ్మా" అంది. ఇల్లొదిలి పోయాడనే. ఆవిడ మాత్రం గుండెమీద చెయ్యేసుకుని, "పోనీలే తల్లీ, నీకైనా ఇంక నిద్ర పడుతుంది" అంది. కాదని దిద్దడానికి ఆయాకి ఓపిక లేకపోయింది. మందు కొట్ల ముందునుంచి మోసుకొచ్చి, వాంతులు కడిగి, ఒట్లు విని విని... నిజంగానే నిద్ర పట్టింది ఆ రాత్రి. అదే ఆమెను తినేస్తోంది.

లోపలినుంచి — టకటకా...

ఆయా తలుపు తోసింది.

చీకట్లో మంచం. మంచం మీద తమ్ముడు! వాడి వణుక్కి మంచం కోళ్లు టకటకా నేలకి కొట్టుకుంటున్నాయి.

"దగ్గరికి రాకక్కా... మందు మానేస్తున్నా."

"ఇక్కడా?"

"రోజూ మానేస్తున్నా. తెల్లారేసరికి కాళ్లు మందు కొట్టుకే పోతున్నాయి. అందుకే ఈసారి..."

లేపబోయి ఉలిక్కిపడింది. మనిషి రాడే! తడిమి చూసింది. చొక్కా అంచు, ఎడమచేతి మడత, పంట్లాం — అన్నీ పరుపుకి కుట్టేసుకున్నాడు. కళ్లు మూసుకుని తిన్నగా కుట్టగలిగినవాడి కుట్లు, చెదిరిన చీమల్లా వంకరటింకర...

"విప్పకక్కా. విప్పావో, పారిపోతాను."

"ఇలా వణుకుతూ ఒంటరిగా పడుంటే ప్రాణానికే ముప్పురా. వార్డులో చూశాను. అక్కడే మానుదువుగాని, పద."

"పారిపోతానక్కా..."

"పారిపోదువుగాని. ముందు లే."

దారాలు పళ్లతో కొరికింది. వాడి చెయ్యి మెడచుట్టూ వేసుకుంది. ఎన్నోసార్లు మోసిన ఒళ్లే కదా అని, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లేపింది—

తూలి తనే గోడకి కొట్టుకుంది.

వాడిలో బరువన్నదే లేదు.