తొమ్మిది శనివారాల ఫైలు

ఎలికెమ్ ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు. దాని లోపల మాత్రం ఏడు కంప్యూటర్లు ఉన్నాయి. వాటిని వర్చువల్ మెషిన్లంటారని, ఒక్కొక్కటీ హార్డ్ డిస్కు మీద ఒక పెద్ద ఫైలుగా ఉంటుందని, ఈ విద్య హో పట్టణంలో తనకు తప్ప ఎవరికీ పట్టుబడలేదని చర్చి పాటల బృందం మొత్తానికీ చెప్పుకున్నాడు. లోతైన బాస్ గొంతుల వరుసలో అతని పక్కన నిలబడక తప్పనివాళ్ళు రెండోసారి కూడా విన్నారు.

ఆ ఏడింటిలో ఆరు ఎందుకున్నాయో అతనికే తెలియదు. ఏడోది నిజంగా పనికొచ్చేది. డో-రే-మీ అక్షరాల్లో పాటల స్వరాలు రాయడానికి బృందం వాడే పాత ప్రోగ్రాము ఆ మెషిన్లోనే నడుస్తుంది. అందుకని ఆడవాళ్ళ కింది స్వరం ఆల్టో పాడే సెనాను అనే అమ్మాయి ప్రతి శనివారం వచ్చి, తన మొట్టమొదటి సొంత పాటను అందులో కూర్చుకుంటోంది. జిల్లా పోటీకి బృందం మాస్టారు ఏరికోరి ఆ పాటనే ఎంచారు.

మొదటి శనివారమే ఇద్దరికీ చెడింది.

"ఇక్కడ దేన్నీ ముట్టుకోకు. నీకు అర్థం కాదు," అన్నాడు ఎలికెమ్.

"బ్యాకప్ ఉందా?"

"బ్యాకప్ పిరికివాళ్ళకి. నేను స్నాప్‌షాట్ తీశాను. ఇక పాత పెద్ద ఫైలు మారదు. నువ్వు చేసే మార్పులన్నీ పక్కన ఇంకో చిన్న ఫైలులో పడతాయి. ఏదైనా పాడుచేశావనుకో, వెనక్కి తిప్పేస్తాను."

"నేనే పాడుచేస్తానని ఎలా తెలుసు?"

"ఇంకెవరున్నారిక్కడ?"

నాలుగో శనివారానికి అతను గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. ఆరో శనివారానికి, ఆమె పెన్సిల్ జడల్లో గుచ్చుకుని సన్నగా కూనిరాగం తీస్తుంటే తెరలో ఆమె నీడనే చూస్తూ కూర్చున్నాడు. అతనికి ఆమె అంటే ఇష్టం. ఆ సంగతి చెప్పడానికి ఎనిమిదో మెషిన్ పెట్టి చూపించడం తప్ప ఆ మహానుభావుడికి ఇంకో దారి తోచలేదు.

డిస్కులో చోటు లేదు. ముందు వాళ్ళమ్మ దాచుకున్న ఫొటోలు తుడిచేశాడు, చాల్లేదు. ఏడో మెషిన్ ఫోల్డరు తెరిస్తే రెండు ఫైళ్ళు కనిపించాయి. పెద్దది తొమ్మిది వారాల నాటిది, చిన్నది మొన్న శనివారానిది. కొత్తది ఉందిగా, పాతదెందుకని పెద్దదాన్ని చెరిపేశాడు. అది రీసైకిల్ బిన్‌లో కూడా పట్టనంత పెద్దది కావడంతో ఒకేసారి మాయమైంది. ఆ చోటులో ఎనిమిదోది చక్కగా కూర్చుంది. ఏడోది తెరుచుకోవడం మానేసింది.

పదో శనివారం వాన. సెనాను గొడుగు గుమ్మంలో పెట్టి, జడలు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. రేపటి ప్రాక్టీసులో పాట కాగితాలు అందరికీ పంచాలి.

"ఇంకా తెరవలేదేం?"

"వోల్టేజీ సరిగ్గా లేదు."

"ఫ్యాను గిరగిరా తిరుగుతోంది కదా."

"ఏదో అప్‌డేట్ వచ్చింది."

"నా మొహం చూసి చెప్పు, ఎలికెమ్."

అతను చూశాడు. చూశాక ఇంకో అబద్ధం నోటికి రాలేదు.

"నేనే చెరిపేశాను. పెద్ద ఫైలు. చిన్నదాంట్లో నీ మార్పులే ఉన్నాయి, మిగతా మెషినంతా పెద్దదాంట్లోనే ఉంది. అది లేకపోతే నీ పాట బయటికి రాదు."

"ఎందుకు చెరిపావు?"

"ఎనిమిదో మెషిన్‌కి చోటు కావాలని."

"అది దేనికి?"

"నీకు చూపిద్దామని."



"డిస్కు నిండిపోయిందంటావు గానీ, నీ బుర్రలో కావలసినంత చోటుంది," అంది సెనాను.

"రేపు బృందం అందరి ముందూ చెప్తాను, తప్పు నాదని. మాస్టారు తిడితే పడతాను."

జన్మలో మొదటిసారి అతను చెప్పుకోబోయేది గొప్ప కాదు. సెనాను అతన్ని ఎగాదిగా చూసి, సంచీలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన ఒక డిస్కు తీసింది.

"చిన్న ఫైలైనా మిగిల్చావా?"

"ఉంది."

"అయితే ముందు చోటు చెయ్యి. ఆ ఎనిమిదోది తుడిచెయ్యి."

తన చేత్తోనే తుడిచాడు. ఆమె డిస్కు గుచ్చింది.

"రెండో శనివారం నువ్వు ఎదురింటివాళ్ళకి నీ మెషిన్ల గొప్పలు చెప్తుంటే, ఫోల్డరంతా కాపీ చేసుకున్నాను. స్నాప్‌షాట్ తీశాక పెద్దది మారదని నువ్వే అన్నావుగా. నా పెద్దదీ నీ చిన్నదీ కలిస్తే సరిపోవాలి."

కాపీ అయ్యేలోపు ఎలికెమ్ తల్లి మొక్కజొన్న పిండితో చేసిన అక్‌ప్లే ముద్దలు, బెండకాయ పులుసు తెచ్చిపెట్టింది. చివరికి మెషిన్ తెరుచుకుంది. పాట ఉంది, మొన్న దిద్దిన ఆఖరి చరణంతో సహా. సెనాను గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది.

అప్పుడు ఎలికెమ్‌కి ఒక సంగతి తట్టింది.

"ఆగు. రెండో శనివారమే మెషినంతా నీ దగ్గరుందా?"

"ఉంది."

"మీ అక్క ల్యాప్‌టాప్‌లో నడిచేదే."

"నడిచింది. ఆ సాయంత్రమే చూసుకున్నాను."

"మరి ఎనిమిది శనివారాలు ఇంత దూరం, వానలో, ఎందుకొచ్చావు?"

సెనాను తెర మీంచి చూపు తిప్పలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి.

"నీకు అర్థం కాదు. దేన్నీ ముట్టుకోకు."

వంటింట్లోంచి తల్లి అంది: "నాకు రెండో వారమే అర్థమైందిరా. ఆ పిల్లకి డిస్కు ఎక్కడ గుచ్చాలో చూపించింది నేనే. నా ఫొటోలు కూడా అప్పుడే ఆ డిస్కులోకి తీయించుకున్నాను."

ఎలికెమ్ గొంతు సవరించుకున్నాడు. బాస్ రావలసినచోట ఏదో సన్నగా వచ్చింది.

"నువ్వంటే నాకు ఇష్టం, సెనాను."

"తెలుసు. రేపు బృందం ముందు చెప్పాల్సింది మాత్రం అది కాదు, గుర్తుందా?"

"గుర్తుంది. పాట అయిపోయింది కదా, వచ్చే శనివారం ఏ పనిమీద వస్తావు?"

"ఇంకా ఆరు మెషిన్లున్నాయిగా," అంది సెనాను, పులుసు గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "వారానికొకటి చొప్పున తుడుద్దాం."