శుక్రవారం పొడిగింపు

"నా మిషన్‌ను పీకి పారేసిందెవరు?"

పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో సర్వర్ రూం తలుపు అంత గట్టిగా తెరుచుకోవడం, రెండువేల ఎనిమిది జూన్ నెల ఆ రోజు దాకా ఎవరూ చూడలేదు. ఆ సర్వర్లు చూసుకునే ఓదెలు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎదురుగా తెల్లకోటు, జేబులో మూడు పెన్నులు, ఆ పైన కోపంతో ఎర్రబడ్డ ముఖం. క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసే స్వరూప.

"నేను గాదు మేడం. నా స్క్రిప్టు."

"గా స్క్రిప్టు సారు ఎక్కడ కూసుంటడు? జెర పిలువుండ్రి!"

మూలన ఏసీ కింద చాయ్ తాగుతున్న ఎలక్ట్రీషియన్ నర్సన్నకు పొలమారింది. ఓదెలు నవ్వు ఆపుకుని వివరంగా చెప్పాడు.

"గీ మూడు పెద్ద సర్వర్లున్నయి గద మేడం, వీటిల నలభై రెండు వర్చువల్ మిషన్లున్నయి. ఒక్క ఇంట్ల కిరాయి అర్రల లెక్క. ఫారంల మీ పేరు, ఎన్నొద్దుల దాక కావాల్నో తారీఖు రాస్తే నేను రాసిన ప్రోగ్రాం, గదే స్క్రిప్టు, పది నిమిషాలల్ల మిషన్ తయారు చేస్తది. గడువు అయితుందంటే మెయిల్ పంపుతది. పొడిగించకపోతే తీసేస్తది. పేరు కాడ మీరు 'ల్యాబ్' అని రాసిండ్రు. మరి మెయిల్ ఎవరికి పోవాలె?"

"ఆర్నెల్ల రీడింగులు ఉండె అందుల!"

ఆ గొంతులో ఏడుపు తొంగిచూసింది. అంతే, ఓదెలు కరిగిపోయాడు. బ్యాకప్‌లోంచి తీసి గంటలో ఆ మిషన్‌ను మళ్లీ నిలబెట్టాడు. స్వరూప రీడింగులన్నీ ఒక్కొక్కటీ సరిచూసుకుని ఊపిరి పీల్చుకుంది.

"ఇగ మీ స్క్రిప్టుకు నా పేరు యాదుంటదా?"

"దాని సంగతి తెల్వదు. నాకైతే యాదుంటది," అనేశాడు ఓదెలు. అన్నాక ఏసీ గదిలో కూడా చెమటలు పట్టాయి.

ఆ రోజు నుంచి ల్యాబ్ మిషన్లకు గడువు వారం రోజులే అయింది. ప్రతి శుక్రవారం మెయిల్ వెళ్తుంది, అందులో ఒక్క లింక్ నొక్కితే మరో వారం పెరుగుతుంది. స్వరూప మాత్రం ఆ లింక్‌ను ఎన్నడూ ముట్టుకోలేదు. ల్యాబ్ బ్లాక్ నుంచి బయలుదేరి, బాయిలర్ దాటుకుని, వానలో గొడుగేసుకుని సర్వర్ రూం దాకా వచ్చేది.

"లింక్ నొక్కితే అయితది గద మేడం."

"నాకు లింకుల మీద నమ్మకం లేదు."

పొడిగించడానికి పట్టేది అర నిమిషం. ఆమె ఉండేది ఇరవై నిమిషాలు. పటేల్‌గూడలో కంపెనీ బస్సు ఎక్కడానికి తను రోజూ పడే పాట్లు చెప్పేది. హత్నూరలో తమ మక్కచేను మీదికి వచ్చే అడవిపందుల గురించి ఓదెలు చెప్పేవాడు. ఆగస్టు రెండో శుక్రవారానికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. నర్సన్న శుక్రవారం చాయ్ బయట నిలబడి తాగడం మొదలుపెట్టాడు.

ఓదెలు తెలివైనవాడు, కంప్యూటర్ల వరకు. సెప్టెంబరులో వాన పట్టుకుంది. ఒక శుక్రవారం స్వరూప సగం తడిసి, తుమ్ముకుంటూ వచ్చింది. అయ్యో పాపం అనుకున్నాడు. ఆమె వెళ్లగానే కూర్చుని, ఆ మిషన్ గడువు వారం వారం దానంతట అదే పెరిగేలా స్క్రిప్టులో నాలుగు లైన్లు కలిపాడు. పైగా మెయిల్ పెట్టాడు: 'ఇకనుంచి మీరు రావాల్సిన అవసరం లేదు.'

పంపి, మెచ్చుకోలు కోసం ఎదురుచూశాడు పిచ్చిమారాజు!

మరుసటి శుక్రవారం ఆమె రాలేదు. ఆ తర్వాతి శుక్రవారమూ రాలేదు. క్యాంటీన్‌లో ఎదురుపడితే "నమస్తే సార్" అని పక్కకు తప్పుకుంది. సార్ అట! ఓదెలు ఉప్మా ప్లేటు అక్కడే వదిలేసి వచ్చాడు.

"ఏంది తమ్మీ, మొఖం ఫ్యూజు పోయినట్టుంది?" అడిగాడు నర్సన్న.

ఓదెలు జరిగింది చెప్పాడు. నర్సన్న గ్లాసు కింద పెట్టాడు.

"నొక్కితే అయ్యేదానికి గా పిల్ల మూణ్ణెల్లు వానల నడిసొచ్చిందా?"

"ఔ అన్నా."

"ఎందుకొచ్చింది?"

"లింకుల మీద నమ్మకం..." ఓదెలు అక్కడే ఆగిపోయాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"సమజైందా ఇప్పుడు? రావొద్దని రాసి మరీ పంపినవ్. ఏం సదువుకున్నవ్ రా! ఇంగో మాట విను. మా ఇంటామె శివమ్మ గా ల్యాబ్‌లనే సీసాలు కడుగుతది. పిల్లకు జహీరాబాద్ సంబంధం వచ్చిందట. మనసుల ఎవరన్న ఉంటే దసర దాక చెప్పు, లేకుంటే వాళ్లకు ఊఁ అంట అన్నదట వాళ్లమ్మ. దసర ఎల్లుండి."

 స్వరూప వాళ్లమ్మ ఫారంలో ఓదెలు పేరు లేదు, గడువు ముంచుకొస్తోంది. అలాంటప్పుడు ఏం జరుగుతుందో అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

ముందు స్వరూప రీడింగులకు రెండు కాపీలు తీసి దాచాడు, భయస్తుడు. తర్వాత ఆ నాలుగు లైన్లూ చెరిపేశాడు. మిషన్ గడువు మర్నాడు సాయంత్రం నాలుగింటికి పెట్టి, లింక్ లేకుండా మెయిల్ పంపాడు: 'పొడిగించాలంటే స్వయంగా రావలెను.'

మర్నాడు ఫ్యాక్టరీలో ఆయుధపూజ. ప్రతి మోటారుకూ బంతిపూలు, ప్రతి పంపుకూ బొట్టు. నర్సన్న కుంకుమ పళ్లెంతో సర్వర్ రూంకి వచ్చాడు.

"లోపల నలభై రెండంటివి గద. అన్నింటికి బొట్టు పడాలె. ఒక్కదాన్ని మరిస్తే ఏడాదంత అలుగుతది."

కనిపించని మిషన్లకు బొట్టు ఎక్కడ పెట్టాలి? ఓదెలు నలభై రెండు చీటీల మీద పేర్లు రాసి సర్వర్లకు అంటించాడు. నర్సన్న ఓపిగ్గా పెట్టుకుంటూ పోయాడు. నాలుగుకు ఐదు నిమిషాలున్నాయనగా తలుపు ఢామ్మని తెరుచుకుంది.

"మళ్లా పీకుతవా నా మిషన్‌ను?"

బయట వాన, లోపల స్వరూప. నర్సన్న పళ్లెం బల్ల మీద పెట్టి, మెయిన్ స్విచ్ చూసొస్తానంటూ జారుకున్నాడు.

"రావొద్దంటవ్, మళ్లా రమ్మంటవ్. నీకేమన్న దిమాక్ ఉందా?"

"లేదు. ఉంటే గా నాలుగు లైన్లు రాస్తుంటినా? నువ్వు తుమ్మినవ్, తడవొద్దని రాసిన. గంతే. నువ్వెందుకు వస్తున్నవో నాకు సమజ్ కాలే."

"ఇప్పుడైందా?"

"నర్సన్న చెప్తే అయింది."

స్వరూప పెదవి కొరుక్కుంది. నవ్వు ఆగేలా లేదు.

"నువ్వంటే నాకు ఇష్టం స్వరూపా," అన్నాడు ఓదెలు ఒక్క గుక్కలో. "నువ్వు రాని శుక్రవారం నాకొద్దు. మీ అమ్మకు నా పేరు చెప్పు. చెప్పకున్నా రేపు నేనొచ్చి చెప్త."

ఆమె సర్వర్ల వైపు తిరిగింది. చీటీల్లో తన మిషన్‌ను వెతుక్కుంది. దాని మీద బొట్టు లేదు.

"దీన్నొక్కదాన్ని ఇడిసిపెట్టిండ్రేంది?"

"నువ్వు పెడ్తవని నేనే ఆపిన."

స్వరూప వేలు కుంకుమలో అద్ది చీటీకి పెట్టింది. మళ్లీ అద్ది, మడమలు పైకెత్తి, ఓదెలు నుదుట పెట్టింది. తర్వాత గడియారం చూపించింది.

"ఇగ జల్దీ పొడిగించు, నాలుగైతుంది."

దసరా నాడు మధ్యాహ్నం నుంచే కుండపోత. బస్సు బీరంగూడ దగ్గరే ఆగిపోయింది. ఓదెలు జమ్మి ఆకు జేబులో భద్రం చేసుకుని, అక్కణ్ణించి పటేల్‌గూడ దాకా నడిచాడు. దీపాలు పెట్టే వేళకు స్వరూప తల్లి మొగులమ్మ గడపలో నిలబడి, ఆమె చేతిలో జమ్మి పెట్టి కాళ్లకు మొక్కాడు. వచ్చిన పని కూడా ఆ వంగిన చోటే చెప్పేశాడు.

మొగులమ్మ అతణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. ప్యాంటులోంచి నీళ్లు కారుతున్నాయి.

"పొద్దుగాల్నే చెప్పింది నా బిడ్డ. జహీరాబాదోళ్లకు వద్దని చెప్పిన. నువ్వు ఒక్క ఫోన్ గొడితే అయిపోవు గద కొడుకా, గింత వానల నడిసొచ్చినవేంది?"

ఓదెలు గట్టిగా తుమ్మాడు.

"నాకు ఫోన్ల మీద నమ్మకం లేదు అత్తమ్మా."

తలుపు వెనక తువ్వాలు పట్టుకుని నిలబడ్డ స్వరూప పకపకా నవ్వింది.