జవళగిరి టెంప్లేట్

ప్రజ్వల్‌ను కుందారపల్లి దగ్గర హైవే మీద లారీ గుద్ది చంపేసింది. ఆ లారీకి నంబర్ ప్లేటు లేదు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తూ లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఏజెంట్ అంకప్ప కృష్ణగిరిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనక తలుపు తట్టాడు.

"తోతాపురి లోడు వచ్చినదా?" లోపలి నుంచి గొంతు.

"పూతే రాలేదు, లోడు యాడిది?"

కోడ్ సరిపోయింది. లోపల గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ రాజప్ప ఒక్కడే ఉన్నాడు.

"కూర్చో అంకప్పా. ప్రజ్వల్ నీ స్నేహితుడు కదా. ఏడ్చినావా?"

"లేదు సార్. రాలేదు."

నిజమే. ఫోన్‌లో వార్త విన్నప్పటి నుంచి అతని లోపల ఏదీ కదలడం లేదు. పన్ను పీకడానికి మత్తిచ్చిన దవడలా ఉంది మనసు. దానికి సిగ్గు కూడా వేయలేదు.

రాజప్ప బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ప్రజ్వల్ రాసిన టూల్ పేరు 'అచ్చు'. మౌస్‌తో పని లేదు. నల్ల స్క్రీన్ మీద ఒక కమాండ్ కొడితే పుస్తకం మొత్తానికి టెంప్లేట్ వచ్చి కూర్చుంటుంది. మార్జిన్లు, హెడ్డింగులు, పట్టికలు, పట్టికల్లో అంకెలు అన్నీ అది చెప్పినట్టే. హోసూరులో ఒక టైప్‌సెట్టింగ్ ఆఫీసు సైనిక హెలికాప్టర్ల రిపేరు మాన్యువల్‌ను ఈ టూల్‌తోనే తయారుచేస్తోంది.

"విదేశీ ముఠా ఆ సర్వర్లో దొంగ టెంప్లేట్ పెట్టినాది. రోటర్ బోల్టు ఎంత బిగించాలో చెప్పే అంకెలు దాంట్లో వేరే. సాయంత్రం అయిదుకు మాన్యువల్ ఎయిర్‌బేస్‌లకు పోతాది. ఆ అంకెలతో బిగిస్తే రేపు లేచిన హెలికాప్టర్లు కూలిపోతాయి."

"ఇప్పుడే ఆపేస్తే?"

"ముఠా మనిషి జారుకుంటాడు. ఆ ఆఫీసులో మనం పెట్టిన ఏజెంట్ పరిమళ ఉంది, సాయం చేస్తుంది. పో."

అంకప్ప ఖాకీ చొక్కా తొడిగి యూపీఎస్ మెకానిక్ అయ్యాడు. జేబులో టెస్టర్, దాని లోపల మత్తు సూది. వేషానికి తగ్గట్టు డిపార్ట్‌మెంట్ ఆ వీధికి కరెంటు తీయించింది. హోసూరులో కరెంటు పోతే ఎవరికి అనుమానం? స్టాఫంతా టీకి పోయారు.

లోపల పరిమళ ఒక్కతే ఉంది. నల్ల కళ్ళద్దాలు తల మీదికి తోసుకుని, సెంటు గుబాళిస్తూ ఎదురొచ్చింది. ఆమె నడిచి వస్తే ఆ ఆఫీసులో కీబోర్డుల చప్పుడు ఆగిపోయేదట.

"సర్వర్లో రెండు టెంప్లేట్లు ఉండాయి అంకప్పా. రెండింటి మీదా ప్రజ్వల్ పేరే. అసలుది నేను కనిపెట్టినాను. దాంతోనే మాన్యువల్ బిల్డ్ చేసినాను, ఇదో, ఎయిర్‌బేస్‌లకు పోతా ఉంది."

యూపీఎస్‌తో నడుస్తున్న స్క్రీన్ మీద అరవై శాతం. వేల అంకెల్ని సరిచూసే టైము లేదు. అంకప్ప రెండు ఫైళ్ళూ తెరిచి మొదటి లైను మాత్రం చూశాడు.

ఒకదాని నెత్తిన ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ. రెండోదాని నెత్తిన రెండు అంకె, దాని కింద గీత. అది పిళ్ళయార్ సుళి. తమిళం వైపు ఊళ్ళలో ఏ కాగితం మొదలుపెట్టినా ముందు వినాయకుడికి వేసే గుర్తు. కన్నడం పక్క జవళగిరిలో పెరిగిన ప్రజ్వల్ ఏనాడూ శ్రీయే తప్ప అది వేయలేదు. పోతున్నది సుళి వేసిన ఫైలు.

"పరిమళమ్మా, మీది తమిళం వైపు కల్లావి కదా?"

"అవునప్పా. ఎందుకు?"

"ప్రజ్వల్‌ది జవళగిరి. వాడు సుళి వేయడు."

ఆమె ఫైలు నెత్తిన చూసుకుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది.

"థూ! కొత్త ఫైలు తెరిస్తే చెయ్యి దానంతటదే ఏసేసినాది."

దేశద్రోహానికీ వినాయకుణ్ణి మరవలేదు మహాతల్లి.

"వాణ్ణి హైవే మీదికి పిలిచింది నువ్వేనా?"

"నేనే. ఫైలు చూసేసినాడు. మంచోడు, పిలిస్తే వచ్చినాడు."

అంకప్ప కోపం కోసం చూశాడు. రాలేదు. స్క్రీన్ మీద తొంభై తొమ్మిది. కాలితో యూపీఎస్ స్విచ్ నొక్కాడు. స్క్రీన్ నల్లబడింది. పరిమళ అటు తిరిగిన క్షణంలో టెస్టర్ ఆమె మణికట్టులో దిగింది. ఆమె కుర్చీలోకి మెల్లగా ఒరిగిపోయింది.

అంకప్ప మళ్ళీ స్విచ్ వేసి, శ్రీ ఉన్న టెంప్లేట్‌తో బిల్డ్ కొట్టాడు. అయిదు దాటకుండా సరైన మాన్యువల్ వెళ్ళిపోయింది.

రాజప్ప ఫోన్ చేశాడు. "హెలికాప్టర్లు బతికినాయి. శభాష్! ఇప్పుడే రిపోర్టు పంపు. ఫార్మాట్ తప్పినాదంటే ఢిల్లీ వాళ్ళు తిప్పి పంపుతారు."

అంకప్ప రిపోర్టు కోసం 'అచ్చు'లో కొత్త ప్రాజెక్టు తెరిచాడు. రాసినవారి పేరేమిటని టూల్ అడిగింది. అతని వేళ్ళు ప్రజ్వల్ అని కొట్టాయి. చెరపాలని చూశాడు, చెరపలేకపోయాడు. అప్పుడు గాని కళ్ళు తడవలేదు.

చచ్చిపోయినవాడు పంపిన రిపోర్టు డిపార్ట్‌మెంట్ చరిత్రలో అదొక్కటే. ఫార్మాట్ బాగుందని ఢిల్లీ వాళ్ళు మెచ్చుకున్నారు.